అన్నయ్యని క్షమిస్తే వాటా వదులుకున్నట్టేనా?

పర్లాకిమిడి నుంచి రాసిన చెల్లెమ్మకి,

నాన్నగారు పోయాక అన్నయ్య ఏవో కాగితాలని చెప్పి సంతకం పెట్టించుకుని ఇల్లంతా తన పేర రాయించుకున్నాడు, అడిగితే ఆడపిల్లకి వాటా ఏంటని వీధిలో అందరి ముందూ అనేశాడు, ఇప్పుడు పక్షవాతంతో మంచాన పడితే వదిన ఫోన్ చేసి వచ్చి చూడు, క్షమించానని చెప్పు, ఇంక ఇల్లు అడగనని రాసిచ్చెయ్ అంటోంది అన్నారు. చర్చి పూజలో పరలోకజపం, మనకి తప్పు చేసినవాళ్లని క్షమిస్తున్నామని చెప్పే "మా యొద్ద అప్పుబడినవారిని" దాకా వచ్చేసరికి నోరు పెగలట్లేదు, పూజలో ఫాదర్ గారిచ్చే సత్ప్రసాదం తీసుకోవడం కూడా మానేశాను అన్నారు, అది చదివి నాకు చాలా బాధేసింది.

ముందు సత్ప్రసాదం మానకండి. కడుపులో మంట ఉండటం పాపం కాదమ్మా. మన కతోలిక శ్రీసభ బోధనలన్నీ ఉన్న సత్యోపదేశం పుస్తకం 2843వ పేరాలో, తగిలిన దెబ్బ మర్చిపోవడం, బాధ లేకుండా చేసుకోవడం మన చేతిలో లేదనే ఉంది. అన్నయ్య నాశనమైపోవాలని కావాలని కోరుకుంటే అది పాపం, అలాంటిదేమైనా మనసులో ఉంటే పాపసంకీర్తనంలో ఫాదర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పేయండి.

క్షమించడం అంటే పగ తీర్చుకోను, అతనికి మేలే జరగాలి అని నిర్ణయించుకోవడం, ప్రేమ పొంగుకొచ్చేదాకా ఆగక్కర్లేదు. రెండో జాన్ పాల్ పోపు గారిని 1981 మే 13న కాల్చినతన్ని ఆయన నాలుగు రోజులకే క్షమించారు, 1983లో జైలుకెళ్లి పక్కన కూర్చుని మాట్లాడారు, అయినా అతను 2000 దాకా ఇటలీ జైల్లోనే ఉన్నాడు కదా. అన్యాయంగా తీసుకున్నది తిరిగిచ్చెయ్యాలని కూడా మన శ్రీసభే చెప్తుంది, సువార్తలో సుంకరి జక్కయ ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. వాటా అడిగితే క్షమించనట్టు అని మీకెవరు చెప్పినా నమ్మకండి, ఇలాంటి మాటలు ఎప్పుడూ ఆడపిల్లలకే చెప్తారు, నాకు ఒళ్లు మండుతుంది.

మనం క్రైస్తవులం కాబట్టి 1925 నాటి వారసత్వ చట్టం, వీలునామా లేకపోతే అమ్మ భాగం పోను కొడుక్కీ కూతురికీ సమానమే, గిరిజనులైతే మాత్రం లెక్క వేరు. మోసంతో తీసుకున్న సంతకం సంగతి లాయర్ తేల్చాలి, జిల్లా న్యాయసేవల సంస్థలో ఆడవాళ్లకి ఉచితంగానే లాయర్ని ఇస్తారు, ఆలస్యం మాత్రం చెయ్యొద్దు.

అన్నయ్య దగ్గరికి వెళ్లండి, నా మాట వినండి. మనసు సిద్ధంగా లేకపోతే ముందు కొన్నాళ్లు జపమాలలో ఒక పది పూసలు అతని పేరు మీద చెప్పండి, పళ్లు బిగబట్టి చెప్పినా పర్లేదు. వెళ్లినప్పుడు మంచం దగ్గర ఇంటి మాట ఎత్తకండి, ఇంత జావ తాగించి, చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చోండి, క్షమించానన్న మాట ఆ రోజు నోట రాకపోతే ఇంకోసారి వెళ్లినప్పుడు చెప్పొచ్చు. వదిన కాగితం తీస్తే "వదినా, అన్నయ్యని చూడ్డానికొచ్చాను, దాని సంగతి తర్వాత మాట్లాడదాం" అనండి, లాయర్ చూడకుండా మాత్రం సంతకం పెట్టకండి.