వేదిక లేని రోజుల్లో ట్రంపెట్ సాధన

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు. పదిహేనేళ్లుగా ఒక బృందంలో ట్రంపెట్ వాయిస్తున్నాను. ఎనిమిది నెలల నుంచి మా ప్రదర్శనలన్నీ ఆగిపోయాయి, మళ్లీ ఎప్పుడు మొదలవుతాయో ఎవరూ చెప్పలేకపోతున్నారు. మొదట్లో రోజూ సాధన చేసేవాణ్ణి. తర్వాత అది వారానికి రెండు రోజులైంది. ఇటీవల ఆరు వారాల పాటు పెట్టె తెరవనే లేదు. మొన్న తీసి వాయించబోతే పది నిమిషాలకే పెదవులు పట్టు తప్పాయి, పై స్వరాలు పలకలేదు. మాది చిన్న ఇల్లు. “కార్యక్రమాలే లేవు కదా, ఈ హోరు ఎవరి కోసం?” అని నా భార్య అంది. నేను వాయించడం మొదలుపెట్టగానే మా ఐదేళ్ల పాప చెవులు మూసుకుని పక్క గదిలోకి పరుగెడుతుంది. మా గురువుగారు ఫోను చేసి స్వరకర్త హైడన్ ట్రంపెట్‌కు రాసిన కన్చెర్టోను (ఒక వాద్యం ముందు నిలిచి, వాద్యబృందం తోడుగా వాయించే రచన) మొదటి నుంచీ మళ్లీ నేర్చుకోమన్నారు; వినేవారే లేనప్పుడు ఎందుకని ఊరుకున్నాను. ఇంటి ఖర్చంతా ఇప్పుడు నా భార్య సంపాదన మీదే నడుస్తోంది. ట్రంపెట్ అమ్మేద్దామా అనిపిస్తోంది. సాధన ఎలా నిలబెట్టుకోవాలో చెప్పండి.

జవాబు: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మీరు అడిగింది సాధన గురించే అయినా, ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువగా ఆపింది చివరలో మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన సంపాదన మాట. మీరు పెట్టె తెరవకపోవడానికి బద్ధకం కారణమని నాకు అనిపించడం లేదు. ఇదివరకు ఆ పెట్టె మీ జీవనాధారం; ఇప్పుడు దానిని చూసినప్పుడల్లా మీకు సంపాదన లేదన్న సంగతి గుర్తుకు వస్తోంది, అందుకని మీ చూపు దాని మీద నిలవడం లేదు. మీ భార్య “ఎవరి కోసం?” అన్నప్పుడు ఆమె హోరు గురించే అని ఉండవచ్చు, కానీ మీకు మాత్రం “నువ్వు ఇంట్లో ఊరికే ఉన్నావు” అన్నట్టు వినిపించింది. ఇన్నేళ్లుగా మీ సాధనకు ఎదురుగా ఒక తేదీ ఉండేది, ఆ తేదీని చూపిస్తే ఇంట్లో ఎవరూ కారణం అడిగేవారు కాదు, మీకు మీరు కూడా చెప్పుకోవలసిన పని ఉండేది కాదు. ఇప్పుడు ఆ తేదీ లేదు కాబట్టి, సాధన చేసే హక్కే తనకు లేదన్నట్టు మీ మనసు ప్రవర్తిస్తోంది. పెదవుల సంగతి, గది సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ ముడి విప్పకపోతే ఎంత మంచి సాధన పద్ధతి చెప్పినా అది నాలుగు రోజులు మించి నిలవదు.

అందుకని మొదట మీ భార్యతో మాట్లాడండి. వాయిస్తుండగానో, ఆమె పని నుంచి అలిసి వచ్చిన క్షణంలోనో కాకుండా, ఇద్దరూ కుదురుగా కూర్చున్న సమయంలో మాట్లాడండి. డబ్బు విషయాన్ని, ఇంట్లో శబ్దం విషయాన్ని, మీ సాధన విషయాన్ని మూడుగా విడదీసి మాట్లాడడం చాలా అవసరం, ఎందుకంటే ప్రస్తుతం మీ ఇద్దరి మధ్య ఈ మూడూ ఒకే ముద్దగా కలిసిపోయి, ఒకదాని మాట ఎత్తితే మిగిలిన రెండూ వెంట వచ్చి పడుతున్నాయి. “భారమంతా నీ మీద పడింది, అది నాకు తెలుసు, దాని గురించి సిగ్గుపడుతున్నాను కూడా” అని మీరు నోరు తెరిచి ఒక్కసారి చెబితే, ఆమె ఆ తర్వాతి మాటను వేరే మనసుతో వింటారని నా నమ్మకం. ఆ తర్వాత సాధనకు ఏ వేళ ఆమెకు తక్కువ ఇబ్బందిగా ఉంటుందో ఆమెనే అడగండి. అనుమతి కోరుతున్నట్టు కాకుండా, ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు వేళలు కుదుర్చుకుంటున్నట్టు అడగండి. ఇంటి పనిలో మీ వంతు పెంచుకోవడం న్యాయమే. అయితే దానిని సాధన చేస్తున్నందుకు చెల్లించే జరిమానాగా భావించకండి.

డబ్బు కోసం ఈ మధ్యకాలంలో మరో పని చేయవలసి వస్తే చేయండి. పిల్లలకు ట్రంపెట్ పాఠాలు చెప్పడం కావచ్చు, సంగీతంతో ఏ సంబంధమూ లేని ఉద్యోగం కావచ్చు. అది మిమ్మల్ని వాద్యకారుల వరుసలోంచి తీసివేయదు. ట్రంపెట్ అమ్మే ఆలోచనను మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఇల్లు గడవడానికి అది తప్పనిసరి అని ఇద్దరూ లెక్కలు ముందు పెట్టుకుని తేల్చుకుంటే నేను అడ్డు చెప్పను, కానీ కంటి ముందు లేకపోతే బాధ తగ్గుతుందని అమ్మేస్తే, బాధ ఉండిపోతుంది, వాద్యమే పోతుంది.

పాప విషయంలో మీరు నొచ్చుకున్నారని అర్థమైంది. అయితే దీనికి కారణం పూర్తిగా శారీరకమైనది. చిన్న గదిలో గట్టిగా ఊదిన ట్రంపెట్ శబ్దం 100 డెసిబెల్స్‌ను దాటగలదు. పనిచేసేచోట వినికిడి రక్షణకు వాడే ఒక ప్రసిద్ధ ప్రమాణం ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి తగ్గుతుంది, 100 డెసిబెల్స్ దగ్గరకు వచ్చేసరికి మిగిలేది సుమారు 15 నిమిషాలు. అది కూడా పెద్దవారి చెవులకు వేసిన లెక్క. ఆ గదిలో ఐదేళ్ల బిడ్డ చెవులు మూసుకుని పారిపోవడం మీ సంగీతాన్ని కాదనడం కాదు, ఆమె చేసింది తెలివైన పని. తలుపు మూసి వాయించండి, గోడల దగ్గర దుప్పట్లు, పరుపులు, బట్టలు ఉన్న గదిని ఎంచుకోండి, మీ చెవులకు కూడా సంగీతకారులు వాడే చెవి బిరడాలు పెట్టుకోండి.

శబ్దం తగ్గించడానికి ప్రాక్టీస్ మ్యూట్, అంటే ట్రంపెట్ ముందు మూతిలో బిగించే బిరడా, ఉపయోగపడుతుంది. అయితే రోజంతా దానితోనే సాధన చేయడం నాకు ఇష్టం లేదు. మ్యూట్ గాలికి ఎదురు ఒత్తిడిని పెంచుతుంది, శ్రుతిని సాధారణంగా కొంచెం పైకి నెడుతుంది. నెలల తరబడి దానికే అలవాటు పడితే, మ్యూట్ తీసిన రోజున మీ ఊపిరి, మీ చెవి రెండూ తడబడతాయి. వారంలో కొన్ని సార్లయినా మ్యూట్ లేకుండా వాయించగల చోటు వెతుక్కోండి, ఖాళీగా ఉన్న ఒక హాలు గానీ, ఊరి చివర మైదానం గానీ. సాక్సఫోన్ విద్వాంసుడు సోనీ రోలిన్స్ పేరు ప్రఖ్యాతులు ఉండగానే 1959లో ప్రదర్శనలు మానుకుని, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకూడదని న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్ వంతెన మీదకు వెళ్లి సాధన చేసేవారు. 1961లో గానీ మళ్లీ వేదిక ఎక్కలేదు. ఆయన విరామం ఆయన కోరుకున్నది, మీది మీ మీద పడినది. ఈ తేడా చిన్నదేమీ కాదు. అయినా వంతెన మీద ఆయన ఎదుట కూడా టికెట్టు కొన్న శ్రోతలు లేరు, అది ఒక్కటి మీకూ ఆయనకూ సమానమే.

ఇక పెదవుల సంగతి. ఆరు వారాల తర్వాత పది నిమిషాలకే పట్టు తప్పడం చూసి మీరు విద్య పోయిందనుకున్నారు. అది విద్య పోవడం కాదు, కండరం అలవాటు తప్పడం. నోటి చుట్టూ వలయంలా ఉన్న కండరం, దాని చుట్టూ ఉన్న చిన్న కండరాలు కలిసి పెదవుల అంచులను సరైన బిగువులో నిలిపితేనే ఊపిరి వాటిని కంపింపజేస్తుంది. సాధన మానితే సాధారణంగా ముందు తగ్గేవి ఓర్పు, పై స్వరాలు. అప్పుడు చాలామంది చేసే పొరపాటు మీరూ చేసి ఉంటారనుకుంటాను: పలకని స్వరాన్ని ఎలాగైనా పలికించాలని మౌత్‌పీస్‌ను పెదవులకు మరింత గట్టిగా అదమడం. అలా అదిమితే పెదవికి రక్తప్రసరణ తగ్గుతుంది, అలసట ఇంకా త్వరగా వస్తుంది, కొన్నిసార్లు గాయం కూడా అవుతుంది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటి ప్రఖ్యాత ట్రంపెట్ విద్వాంసుడు కూడా పెదవి దెబ్బతిని 1935లో కొన్ని నెలలు ట్రంపెట్ పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ తర్వాత ఆయన మూడు దశాబ్దాలకు పైగా వాయించారు.

కాబట్టి మొదటి రెండు వారాలు మీరు ఇదివరకటి వాద్యకారుడిగా కాక, జబ్బు నుంచి లేచి నడక మొదలుపెట్టిన మనిషిగా మిమ్మల్ని మీరు చూసుకోవాలి. ఒకేసారి గంట కూర్చోకుండా, రోజులో రెండు మూడు సార్లు పదేసి నిమిషాలు కూర్చోండి. ఆ పది నిమిషాల్లో కూడా ఎంతసేపు ఊదితే అంతసేపు వాద్యాన్ని ఒళ్లో దించి విశ్రాంతి తీసుకోండి. మధ్య స్థాయిలో, కింది స్థాయిలో ఒక్కొక్క స్వరాన్ని మెల్లగా, సన్నగా, ఊపిరి నిండుగా ఉన్నంతసేపు నిలపండి. స్వరం మొదలైన క్షణం నుంచి ఆగే క్షణం దాకా వణకకుండా ఉందా లేదా అన్నదే చూడండి. తర్వాత వాల్వులేమీ నొక్కకుండా పెదవుల బిగువు, ఊపిరి వేగం మార్చి ఒక స్వరం నుంచి దాని పైదానికి జారుతూ వెళ్లే అభ్యాసం చేర్చండి. పై స్వరాలు తిరిగి వచ్చాయా అని రోజూ పరీక్షించుకోవద్దు. అవి రోజుల్లో కాక వారాల్లో వస్తాయి. రోజూ తలుపు తట్టి చూస్తే మీకు మిగిలేది నిరాశే. పెదవిలో నొప్పి గానీ తిమ్మిరి గానీ విశ్రాంతి తీసుకున్నాక కూడా కొన్ని రోజులు తగ్గకపోతే, వాయించడం ఆపి వైద్యుడికి చూపించండి.

ఆరు వారాలు మూసి ఉంచిన వాద్యానికి కూడా కొంత సేవ కావాలి. స్లైడ్లు (లాగి జరిపే గొట్టాలు) బిగుసుకుని ఉంటే బలవంతంగా లాగకండి. గోరువెచ్చని నీటితో లోపల కడిగి, వాల్వులకు నూనె, స్లైడ్లకు గ్రీజు పెట్టండి.

“వినేవారే లేనప్పుడు ఎందుకు?” అన్న మీ మాటకు ఇప్పుడు వస్తాను. గురువుగారు మీకు చెప్పిన ఆ హైడన్ కన్చెర్టో 1796లో ఆంటోన్ వైడింగర్ అనే వాద్యకారుడి కోసం రాసినది. పక్క రంధ్రాలను మీటలతో తెరిచి మూసే కొత్త రకం ట్రంపెట్‌ను ఆయన తీర్చిదిద్దుతున్న కాలమది. వియన్నాలో ఆ రచన ప్రజల ముందుకు వచ్చింది 1800 మార్చిలో, అంటే దాదాపు నాలుగేళ్ల తర్వాత. మీ చేతికి వచ్చిన ఆ స్వరాలకు తొలినాళ్లలోనే అంత ఎదురుచూపు ఉంది. గురువుగారు దానిని ఎంచుకోవడంలో ఇంకొక మేలు కూడా ఉంది: బృందంలో మీ వంతు కొన్ని వరుసలే కావచ్చు, ఈ రచనలో మాత్రం మొదటి నుంచి చివరి దాకా ముందు నిలబడవలసింది మీరే. తేదీలు నిండుగా ఉన్న రోజుల్లో ఇలాంటి పనికి ఎవరికీ తీరిక దొరకదు.

అయినా, వినేవారు బొత్తిగా లేకుండా చాలాకాలం వాయించడం మనిషికి కష్టమని నేను ఒప్పుకుంటాను. అందుకని మిమ్మల్ని ఒంటరిగా తపస్సు చేయమనడం లేదు. వారానికి ఒక రోజు, ఒక వేళ పెట్టుకుని గురువుగారికి ఫోనులో వినిపించండి. బృందంలో మీలాగే ఇంట్లో కూర్చున్నవారు ఉంటారు. వారిలో ఒకరితో కలిసి ఇద్దరికీ సరిపడే చిన్న రచనలు వాయించండి. ఇంట్లో సాధనను రికార్డు చేసుకుని మరుసటి రోజు వినండి, వాయించిన వెంటనే మాత్రం వద్దు, అప్పుడు చెవి తప్పులనే వెతుకుతుంది. అప్పుడు రోజూ వారీ ఆ పది నిమిషాలకు ఎదురుగా మళ్లీ ఒక తేదీ నిలబడుతుంది, అది చిన్నదే అయినా.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ట్రంపెట్ మీద మాత్రమే కాక మిగతా పనుల మీద కూడా ఆసక్తి పోయి, నిద్ర చెడి, ఎందుకీ బతుకు అన్న ఆలోచనలు రెండు వారాలకు మించి వెంటాడుతుంటే, అది సాధనతో సరిచేసుకోగలిగిన విషయం కాదు. ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడిని కలవండి, ఆ సంగతి మీ భార్యకు కూడా చెప్పండి. ప్రాణం తీసుకోవాలన్న తలంపు వస్తే ఆ రోజే, ఆ గంటలోనే ఎవరికైనా చెప్పండి.

ఈ రాత్రికి ఊదవలసిన పని లేదు. పెట్టె తెరిచి, వాల్వులు తీసి తుడిచి నూనె పెట్టండి. పాప వచ్చి చూస్తే మూడు వాల్వులనూ ఆమె వేళ్లతో నొక్కించండి, శబ్దం లేని ట్రంపెట్ అంటే ఆమెకు భయం ఉండదు. రేపు గురువుగారికి ఫోను చేసి, ఆరు వారాలు ముట్టుకోలేదన్న సంగతి దాచకుండా చెప్పి, మొదటి పాఠం ఏ రోజు వినిపించమంటారో ఆయననే అడగండి.