మావాడు పైథాన్ వదిలి హాస్కెల్ పట్టుకున్నాడు, మాన్పించాలా?

మిర్యాలగూడ నుంచి ఒక తండ్రి అడిగారు: "రైస్ మిల్లులో గుమాస్తాను. మావాడు బీటెక్ రెండో సంవత్సరం, ఏఐ–ఎంఎల్ బ్రాంచి. తోటి పిల్లలంతా పైథాన్ నేర్చుకుంటుంటే వీడు హాస్కెల్, ఎలిక్సిర్ అంటూ రాత్రంతా కూర్చుంటున్నాడు. మెషీన్ లెర్నింగ్ వాటిలోనూ చేయొచ్చంటాడు. అందరూ చేసేదే చేయరా అని రోజూ చెబుతున్నా, వినడు. ఏది మేలు?"

అన్నా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పైథాన్, హాస్కెల్, ఎలిక్సిర్ మూడూ ప్రోగ్రాములు రాసే భాషలే. భాష పేరు మారుతుంది గానీ లోపలి భయం ఒకటే: కట్టిన ఫీజు నీళ్లపాలవుతుందేమోనని. కాదు. ఇంట్లో ఎవరూ చెప్పకుండా ఒక పిల్లాడు రాత్రిళ్లు కూర్చుని కష్టమైనది నేర్చుకుంటుంటే ఆ డబ్బు ఎక్కడికీ పోదు.

వాడు నేర్చుకునేది మీ పనికి దగ్గరిదే. మిల్లు చిట్టాలో నిన్నటి బస్తాల లెక్క తప్పయితే మీరు చెరపరు, కింద ఇంకో పద్దు వేస్తారు. హాస్కెల్‌లోనూ అంతే, ఒకసారి పెట్టిన విలువ మారదు. పాతది తీసుకుని కొత్తది ఇచ్చే ఫంక్షన్ రాయాలి. అందుకే ఇలాంటివాటిని ఫంక్షనల్ భాషలంటారు. మెషీన్ లెర్నింగ్‌లో మోడల్, అంటే లెక్కలు చూసి అంచనా చెప్పే ప్రోగ్రాం, నేర్చుకోవడమంటే కూడా అదే: పాత వెయిట్లు (ఇన్‌పుట్‌ను గుణించే అంకెలు), వచ్చిన తప్పు చూసుకుని కొత్త వెయిట్లు ఇవ్వడం. గూగుల్ 2018లో తెచ్చిన జాక్స్ అనే మెషీన్ లెర్నింగ్ లైబ్రరీని (ముందే రాసిపెట్టిన కోడ్‌ను) పైథాన్‌లోనే వాడతారు, కానీ నడక ఫంక్షనల్‌ది. కాబట్టి వాడి శ్రమ పైథాన్‌లోనూ పనికొస్తుంది.

అలాగని పైథాన్ వదిలేస్తే ఒప్పుకోను. హాస్కెల్‌కు హాస్క్‌టార్చ్, ఓకామెల్ అనే ఇంకో ఫంక్షనల్ భాషకు ఔల్ అనే లైబ్రరీలు ఉన్నాయి. ఎలిక్సిర్‌కు 2021లో ఎన్ఎక్స్ వచ్చింది. పని జరుగుతుంది. కానీ కొత్త మోడళ్ల కోడ్ ఎక్కువగా ముందు పైథాన్‌లోనే వస్తుంది, ఇంటర్వ్యూలోనూ అదే అడుగుతారు. స్విఫ్ట్ భాషలో మెషీన్ లెర్నింగ్ కోసం గూగుల్ అంతటిది మొదలుపెట్టిన స్విఫ్ట్ ఫర్ టెన్సర్‌ఫ్లో కూడా 2021లో ఆగిపోయింది. ఈ కోవలో ఉద్యోగాల దారి కాస్త కనిపించేది స్కాలా భాషకు, పెద్దపెద్ద డేటాను నడిపే అపాచీ స్పార్క్ అందులో రాసిందే గనక.

నా అసలు అనుమానం హాస్కెల్ మీద కాదు, మీరంతా ఎగబడి ఇప్పిస్తున్న ఏఐ–ఎంఎల్ సీటు మీద. మొన్న వనపర్తి నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఫైలు నిండా సర్టిఫికెట్లు. కాగితం మీద రాసి ఇచ్చా: ఇన్‌పుట్ 2, వెయిట్ 3, మోడల్ 6 అంటోంది, రావాల్సింది 10. వెయిట్ పెంచాలా, తగ్గించాలా? కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. లాప్‌టాప్ తీయనా సార్ అంది. తీస్తే నాలుగు లైన్లలో మోడల్ నడిపించేస్తుంది. లోపల ఏం జరుగుతోందో ఆ బిడ్డకు ఎవరూ చూపించలేదు. వెళ్లేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. బ్రాంచి పేరు చూసి సీటు కొన్నాం, పిల్లలకు లెక్క రాలేదు. హాస్కెల్‌లో అన్నీ చేత్తో కట్టుకునే పిల్లాడు ఆ ప్రశ్న దగ్గర ఆగడు.

ఒక మాట గట్టిగానే అంటా, ఏమనుకోవద్దు. రాత్రంతా కూర్చుంటున్నాడని రాశారు. పక్కన కుర్చీ వేసుకుని ఏం చేస్తున్నావురా అని ఒక్కరోజైనా అడిగానని రాయలేదు. అందరూ చేసేదే చేయమంటున్నారు. ఆ అందరిలోంచే ఎంతోమంది చదువయ్యాక నా దగ్గరికి వస్తున్నారు. రోజూ దెప్పితే వాడు హాస్కెల్ మానడు, మీతో మాట్లాడటం మానేస్తాడు.

ఈ పని చేయండి. సేటును అడిగి ఒక సీజన్ లెక్కలు వాడికివ్వండి: ఏ లోడులో వడ్ల తేమ ఎంత, ఏ రకం, నూకలు ఎంత పడ్డాయి. తేమ, రకం చూసి నూకలు అంచనా వేసే చిన్న మోడల్ కట్టమనండి. ముందు హాస్కెల్‌లో, ఏ లైబ్రరీ లేకుండా. తర్వాత అదే పైటార్చ్ అనే పైథాన్ లైబ్రరీలో. ఏ అంచనా తప్పో మీకే ముందు తెలుస్తుంది, వడ్లు చూసిన కళ్లు మీవి. వాడికి చెప్పండి. రెండు ప్రోగ్రాములూ దగ్గరదగ్గర లెక్కే చెప్పిన రోజున ఇద్దరూ కలిసి నల్లగొండ రండి. ఆదివారం పొద్దున నేను ఆఫీసులోనే ఉంటా.