అర్ధరాత్రి గొడుగు ఎవరి చేతిలో?

సందేహం: విశాఖలో మేము కొందరం కలిసి ఒక చిన్న హాస్యచిత్రం తీస్తున్నాం. సంభాషణలు నావి. ఫిషింగ్ హార్బరులో ఐసు మోసే కుర్రాడికి, భోగాపురం దగ్గర తాత వదిలేసిన పొలం విమానాశ్రయం పుణ్యమా అని కోట్లు తెచ్చిపెడుతుంది. అతను సిరిపురంలో ఫ్లాటు కొంటే, పక్క ఫ్లాటు పెద్దమనిషి ‘అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టుకున్నాడట’ అంటాడు. ఆ వేషం వేసే నటుడు ‘పట్టమన్నాడట’ అనాలంటున్నాడు. ఏది సరైనది? ఈ సామెత పేదవాళ్లను కించపరుస్తుందని ఇంకొకరి అభ్యంతరం. పనిలో పనిగా, కోటీశ్వరుడా, కోటేశ్వరుడా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: నటుడి మాటే ఒప్పు. ‘గొడుగు తెమ్మన్నాడు’ అనేవాళ్లూ ఉన్నారు. ఏ రూపంలో చెప్పినా అందులో ఒక ఆజ్ఞ ఉంది. సామెతకు ప్రాణం అదే. ‘వండాడు’, ‘వండుకున్నాడు’ పక్కపక్కన పెట్టి చూడండి. ‘కొను’ చేరగానే పని ఫలం చేసినవాడికే చెందుతుంది. గొడుగు పట్టుకున్నవాడు తన తల తాను కాపాడుకుంటున్నాడు, అంతే. అక్టోబరు తుపానులో మీ బీచ్ రోడ్డు మీద అర్ధరాత్రి గొడుగు పట్టుకున్నవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు (ఆ గాలికి గొడుగు నిలిస్తే!). పట్టమనేవాడికి మాత్రం ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి అడుగు వెనక నడవాలి, చెయ్యి దించకూడదు.

ఛత్రచామరాలు రాజలాంఛనాలన్న సంగతి మరిచిపోతే ఈ సామెత రుచి తెలియదు. సింహాచలంలో స్వామివారి ఊరేగింపు చూసే ఉంటారు. ఆ గొడుగు మర్యాద కోసం పట్టేది, ఎండ ఉందా లేదా అని చూసి పట్టరు. అందుకే దేవుడికి రాత్రిపూట పట్టినా వింతగా తోచదు. సామెతలోవాడికి కావలసిందీ ఆ మర్యాదే. ఎండ లేదు, చూసేందుకు జనమూ లేరు, అయినా తెల్లవారేదాకా ఆగలేడు!

‘ఐశ్వర్యం’ తీసేసి ‘డబ్బు’ అని పెట్టాలనిపిస్తుందేమో, పెట్టకండి. ఈశ్వరుడంటే ప్రభువు, ప్రభువుగా ఉండటమే ఐశ్వర్యం. సంపద అన్న అర్థం దాని వెంట వచ్చింది. డబ్బు వచ్చినవాడు బిర్యానీ తెప్పించుకుంటాడు. ఐశ్వర్యం వచ్చిందనుకున్నవాడే గొడుగు పట్టిస్తాడు.

ఇక అభ్యంతరం సంగతి. అల్పుడంటే పేదవాడని నిఘంటువు చెప్పదు. ‘అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను, సజ్జనుండు పల్కు చల్లగాను’ అన్న వేమన, అల్పుడికి ఎదురుగా నిలబెట్టింది సజ్జనుణ్ణి. ధనికుడి ఊసే లేదు. కానీ వాడుక అంత అమాయకమైనది కాదు. తాతల ఆస్తి మీద కూర్చున్నవాడు వేళకాని వేళ ఏది తెమ్మన్నా దర్జా అంటాం, నిన్న మొన్న కలిసొచ్చినవాడు తెమ్మంటే సామెత అందుకుంటాం. మీ మిత్రుడి అభ్యంతరంలో ఆ మేరకు న్యాయం ఉంది. అయినా సామెతను తీసేయనక్కర్లేదు. అంతకుముందే ఆ పెద్దమనిషి, చినుకైనా పడని పూట వాచ్‌మన్ చేత గొడుగు పట్టించుకుని కారెక్కుతున్నట్టు చూపించండి. మాట ఎవరికి తగలాలో వాళ్లకే తగులుతుంది.

కోటి + ఈశ్వరుడు, సవర్ణదీర్ఘ సంధి: కోటీశ్వరుడు. కోటేశ్వరుడంటే కోటప్పకొండ స్వామి గుర్తుకొస్తాడు. కుర్రాడికి కోటేశ్వరరావు అని పేరు పెడితే రెండు మాటలతోనూ ఆడుకోవచ్చు. ‘కోటాధిపతి’ జోలికి మాత్రం పోకండి. కోటి + అధిపతి యణాదేశ సంధి వల్ల ‘కోట్యధిపతి’ అవుతుంది. కోటాధిపతి అంటే కోటను ఏలేవాడని అర్థం వస్తుంది.