సీసీపీఏ ఎందుకు పెట్టారు? అక్కడ ఫిర్యాదు చేస్తే డబ్బు వెనక్కొస్తుందా?

జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండగా మళ్ళీ సీసీపీఏ (కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ) ఎందుకని అడిగారు. మీ ఒక్కరి కేసు నడిపి పరిహారం ఇప్పించడం సీసీపీఏ పని కాదు. ఎందుకో దాని పుట్టుక చూస్తే తెలుస్తుంది.

మోసపు ప్రకటనల లాంటివాటిని కొనేవాళ్ళందరి తరఫున అడ్డుకోవడం సీసీపీఏ పని. ఈ పని ముందు ఎంఆర్‌టీపీ (గుత్తాధిపత్య, నిర్బంధ వ్యాపార పద్ధతుల) కమిషన్‌ చేసేది. 1970లో గుత్తాధిపత్యాన్ని అదుపు చేయడానికి వచ్చిన సంస్థ అది. కంపెనీల చట్టాన్ని, ఎంఆర్‌టీపీ చట్టాన్ని సమీక్షించిన సచార్ కమిటీ సిఫార్సు మీద 1984లో మోసపు ప్రకటనల లాంటి అనుచిత వ్యాపార పద్ధతులనూ దాని కిందికి తెచ్చారు. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా తనంతట తానే విచారణ మొదలుపెట్టే అధికారం దానికుండేది. 1986 వినియోగదారుల రక్షణ చట్టంతో వచ్చిన వినియోగదారుల ఫోరాలు (ఇప్పటి కమిషన్లు) మాత్రం ఎవరైనా కేసు వేస్తేనే కదిలేవి. 2009 సెప్టెంబర్ 1న ఎంఆర్‌టీపీ చట్టం రద్దయింది. దాని స్థానంలోకి వచ్చిన కాంపిటిషన్ కమిషన్ కంపెనీల మధ్య పోటీ సంగతి చూస్తుందే తప్ప అబద్ధపు ప్రకటనల జోలికి పోదు. దాంతో దాదాపు పదకొండేళ్ళు ఆ కుర్చీ ఖాళీ. నా లెక్కలో చట్టం చేసినవాళ్ళ అశ్రద్ధే అది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జూలై 24న సీసీపీఏ ఏర్పడింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. సరుకును వెనక్కి రప్పించి, కొన్నవాళ్ళందరికీ ధర తిరిగి ఇమ్మనగలదు. 2022లో ప్రమాణాలకు తగని 2,265 ప్రెషర్ కుక్కర్ల విషయంలో ఒక ఈ-కామర్స్ సంస్థకు అలాగే ఆదేశమిచ్చింది, లక్ష జరిమానాతో.

ఇక మీ డబ్బు సంగతి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నమోదు నంబర్) తీసుకోండి. తేలకపోతే వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కు వెళ్ళండి. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఇక్కడ చూసేది కట్టిన ధరే, అడిగే పరిహారం కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

కమిషన్‌లో కేసు వేయడానికి గడువు రెండేళ్ళు. సీసీపీఏకి రాశాం కదా అని కూర్చుంటే ఆ గడువు ఆగదు. దాటిపోతే ఆలస్యానికి తగిన కారణం చూపించి కమిషన్‌ను ఒప్పించాలి. రెండుచోట్లా వేయాలనుకుంటే వేయండి, ప్రకటన స్క్రీన్‌షాట్ మాత్రం తేదీ, లింకు కనపడేలా ఇప్పుడే తీసి పెట్టుకోండి. నోటీసు అందగానే కంపెనీలు ముందు తీసేసేది ఆ ప్రకటననే.