ఇంటి త్రాసు కొవ్వు శాతాన్ని ఉదయం ఒకలా, రాత్రి మరోలా ఎందుకు చూపుతుంది?

చెన్నైలోని మీ ఇంట్లో త్రాసు ఉదయం 27, రాత్రి 24 శాతం కొవ్వు చూపిందంటే అది పాడైనట్టు కాదు. అది కొవ్వును నేరుగా కొలవదు; సాధారణంగా 50 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంలో అతి స్వల్ప విద్యుత్తును ఒక పాదం నుంచి మరో పాదానికి పంపి, ఎదురైన అవరోధాన్ని బట్టి ఒంట్లోని నీటిని, దాన్నుంచి ఎత్తు, బరువు, వయసుల సాయంతో కొవ్వును అంచనా వేస్తుంది. రోజంతా నిలబడితే కాళ్లలోకి దిగే నీరు అవరోధాన్ని తగ్గిస్తుంది; ఒంట్లో నీరు ఎక్కువని, కొవ్వు తక్కువని త్రాసు లెక్కేస్తుంది కనుక, రాత్రి కొవ్వు తక్కువగా కనిపిస్తుంది.

నిద్ర లేచి, మూత్రవిసర్జన అయ్యాక, ఫిల్టర్ కాఫీకి ముందే (మన ఊళ్లో ఇదే అసలు పరీక్ష) శుభ్రమైన వట్టి పాదాలతో ఎక్కండి. బీచ్ నడక నుంచి చెమటతో వచ్చి చూసిన అంకెను లెక్కలోకి తీసుకోకండి. వారం సగటునే పోల్చండి. పేస్‌మేకర్ ఉన్నవారు దీన్ని వాడకూడదు.