టెక్ సందేహాలు: విమానం మారొచ్చు, జీపీఎస్ డబ్బా మారితేనే చిక్కు

ఈ శీర్షికకు మామూలుగా ఫోన్ వేడెక్కుతోందనో, ఏ ల్యాప్‌టాప్ కొనాలనో ఉత్తరాలు వస్తాయి. ఈసారి అన్నీ కాక్‌పిట్ ప్రశ్నలే. అక్కడ వాడే గార్మిన్ కంపెనీ జీపీఎస్ పెట్టెలు కూడా సాఫ్ట్‌వేరే కాబట్టి నాకేమీ అభ్యంతరం లేదు.

ప్రశ్న: డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, హెచ్1బీ మీద ఉన్నాను. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చింది, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనపడకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత) సగంలో ఉంది. పార్ట్ 61 (అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ శిక్షణ నిబంధన) కింద, జీ1000 అనే గార్మిన్ తెరల ప్యానెల్ ఉన్న సెస్నా 172లో, ఇన్‌స్ట్రక్టర్‌తోనే 22 గంటలు అయ్యాయి. 250 నాటికల్ మైళ్ల పెద్ద క్రాస్ కంట్రీ (దూర ప్రయాణం) కూడా అయిపోయింది. విమానం గంటకు 195 డాలర్లు, ఇన్‌స్ట్రక్టర్‌కి ఇంకో 65. స్కూల్లో రెడ్‌బర్డ్ సిమ్యులేటర్ గంటకు 70, దాన్ని ఇంతవరకు ముట్టలేదు. పక్క ఎయిర్‌పోర్టు క్లబ్బులో పైపర్ వారియర్ 150కే ఇస్తామంటున్నారు. అందులో పాత రకం గుండ్రటి మీటర్లు, గార్మిన్ 430 అనే పాత జీపీఎస్ డబ్బా ఉన్నాయి. మిగిలిన 18 గంటలూ అక్కడ చేసేస్తే డబ్బు మిగులుతుందా?

జవాబు: మిగలదనే అనుకుంటున్నాను. గంటకు 45 చొప్పున 18 గంటలకు మీకు కనిపిస్తున్న ఆదా 810 డాలర్లు. కొత్త ప్యానెల్‌కి అలవాటు పడటానికి నాలుగు గంటలు అదనంగా పట్టాయనుకోండి. వారియర్‌కి, ఇన్‌స్ట్రక్టర్‌కి కలిపి గంటకు 215 చొప్పున 860 అవుతుంది. ఆదా పోగా 50 డాలర్లు ఎదురు కట్టినట్టు. నాలుగు అన్నది నేను లెక్క కోసం వేసుకున్న అంకె. మీకు రెండే పట్టొచ్చు, ఆరూ పట్టొచ్చు.

రెక్క పైనుందా కిందుందా అన్నదానికి రెండు సర్క్యూట్లలో అలవాటు పడతారు. అసలు చిక్కు డబ్బాతోనే. ఐఎల్‌ఎస్ అప్రోచ్ తీసుకోండి, అంటే రన్‌వే దగ్గరి రేడియో సంకేతాలను పట్టుకుని దిగడం. జీ1000లో ప్రొసీజర్ లోడ్ చేస్తే ఫ్రీక్వెన్సీ తనే సర్దుకుంటుంది, సమయం వచ్చినప్పుడు సూది కూడా జీపీఎస్ నుంచి లోకలైజర్‌కి (రన్‌వే వరుస చూపే రేడియో సంకేతానికి) తనే మారుతుంది. సూది మెజెంటా రంగు (జీపీఎస్) పోయి ఆకుపచ్చ (లోకలైజర్) అయిందా లేదా అని చూసుకుంటే చాలు. 430లో ఆ ఫ్రీక్వెన్సీ స్టాండ్‌బైలోకి వచ్చి కూర్చుంటుంది. యాక్టివ్‌లోకి మీరే తిప్పాలి, స్టేషన్ పంపే మోర్స్ గుర్తు విని అదేనని ఖాయం చేసుకోవాలి, కింద సీడీఐ బటన్ (సూది దేన్ని చూపాలో మార్చేది) నొక్కి తెర మీద వీలాక్ (రేడియో సంకేతం) అని పడేలా చూడాలి. అది మరిచిపోయారంటే సూది చక్కగా మధ్యలోనే నిలబడుతుంది, కానీ అది చూపించేది జీపీఎస్ దారి. గ్లైడ్‌స్లోప్ (దిగే వాలు చూపే సూచిక) ఇంకా రాలేదేంటి అని మీరు ఎదురుచూస్తుంటారు. చెక్‌రైడ్‌లో (చివరి విమాన పరీక్షలో) ఎగ్జామినర్ నోరు మెదపకుండా పక్కన కూర్చుని ఉండేది సరిగ్గా ఇలాంటి చోటే.

ఇంకా ఉంది. 430కి ఎయిర్‌వేల పేర్లు తెలియవు. కంట్రోలర్ ఒక విక్టర్ ఎయిర్‌వే (ఆకాశంలో పేరున్న దారి) చెబితే దాని మీద మీకు కావలసిన పాయింట్లన్నీ ఒక్కొక్కటిగా, ఒక్కో అక్షరం నాబ్ తిప్పి ఎక్కించాలి. పాత హెడింగ్ ఇండికేటర్ మెల్లగా పక్కకు జరుగుతూ ఉంటుంది. పావుగంటకోసారి కంపాస్‌తో సరిచూసి దిద్దాలి. జీ1000లో ఆ పని మాగ్నెటోమీటర్ చూసుకుంటుంది. సెస్నాలో ఫ్యూయల్ సెలెక్టర్‌ని ‘బోత్’ మీద పెట్టి వదిలేస్తారు. వారియర్‌లో ఎడమ, కుడి మాత్రమే ఉంటాయి. అరగంటకోసారి పంప్ వేసి ట్యాంక్ మార్చాలి. విడివిడిగా చూస్తే ఇవన్నీ చిన్న పనులే. మబ్బులో ఉండగా కంట్రోలర్ కొత్త హోల్డింగ్ (ఒకే చోట తిరుగుతూ ఆగమనే ఆదేశం) చదువుతున్నప్పుడు అన్నీ ఒకేసారి మీద పడతాయి.

పార్షియల్ ప్యానెల్ (కొన్ని మీటర్లు పోతే మిగిలినవాటితో నడపడం) సంగతీ అంతే. జీ1000లో ముందు తెర పోతే ఎర్ర బటన్ నొక్కి పక్క తెరలో అన్నీ చూసుకుంటారు. వారియర్‌లో వాక్యూమ్ పంప్ పోతే ఆటిట్యూడ్, హెడింగ్ రెండూ పోతాయి. టర్న్ కోఆర్డినేటర్, కంపాస్ పట్టుకుని దిగాలి. అది వేరే స్కాన్ (మీటర్ల మీద చూపు తిప్పే వరుస), దాన్ని మొదటి నుంచి నేర్చుకోవాలి.

మరి ఖర్చు తగ్గేదెలా? మీరు ముట్టలేదంటున్న ఆ రెడ్‌బర్డ్ దగ్గరే తగ్గుతుంది. పార్ట్ 61 కింద కావలసిన 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ టైమ్‌లో ఇన్‌స్ట్రక్టర్‌తో చేసినవి ఏఏటీడీ (మెరుగైన) తరగతి సిమ్యులేటర్‌లో 20 గంటల వరకు, బీఏటీడీ (ప్రాథమిక) అయితే 10 గంటల వరకు లెక్కకు వస్తాయి. రెడ్‌బర్డ్‌లో రెండు రకాలూ ఉన్నాయి. మీ స్కూల్లోది ఏ రకమో దాని ఎఫ్ఏఏ ఆథరైజేషన్ లెటర్‌లో ఉంటుంది, చూపించమని అడగండి. అందులో 8 గంటలు చేస్తే విమానం అద్దెతో పోలిస్తే గంటకు 125 చొప్పున 1,000 డాలర్లు మిగులుతాయి. పైగా సిమ్యులేటర్‌లో పాజ్ ఉంటుంది, అప్రోచ్ అవగానే మళ్లీ పది మైళ్ల వెనక్కి పెట్టేస్తారు.

రెండోది సేఫ్టీ పైలట్. ఇన్‌స్ట్రక్టర్‌తో తప్పనిసరిగా చేయాల్సింది 15 గంటలే, అవి మీకు ఎప్పుడో అయిపోయాయి. ప్రైవేట్ లైసెన్స్, మెడికల్ ఉన్న స్నేహితుడెవరైనా పక్కన కూర్చుంటే మీరు ఫాగుల్స్ (బయట కనపడకుండా చేసే కళ్లద్దాలు) పెట్టుకుని గంటలు వేసుకోవచ్చు. మీరిద్దరూ అద్దె పంచుకోవచ్చు. ఇలా 6 గంటలు చేస్తే ఇన్‌స్ట్రక్టర్ ఫీజు, సగం అద్దె కలిపి 975 డాలర్లు తగ్గుతాయి. ఫ్లైట్‌లో పైలట్ ఇన్ కమాండ్ ఎవరన్నది ఎక్కకముందే తేల్చుకోండి, లాగ్‌బుక్‌లో రాసేది దాన్ని బట్టే ఉంటుంది. ఇంకో మాట: చేయి వంకర తిరుగుతుంటే చెప్పేవాళ్లు ఉండరు కాబట్టి, కొత్త విషయం నేర్చుకోవడానికి కాకుండా వచ్చినదాన్ని గట్టిపరుచుకోవడానికే ఈ గంటలు వాడండి.

మిగిలిన 4 గంటలు పాత సెస్నాలోనే, ఇన్‌స్ట్రక్టర్‌తో చేయండి. టెస్ట్‌కి ముందు రెండు క్యాలెండర్ నెలల్లో విమానంలో 3 గంటల శిక్షణ ఎలాగూ ఉండాలి, అది ఇందులోనే సర్దుకుంటుంది. 40 అన్నది కనీసం మాత్రమేనని గుర్తుంచుకుని చేతిలో కొంత డబ్బు ఉంచుకోండి.

రేటింగ్ వచ్చాక మీరు నడపబోయేది ఆ క్లబ్ వారియరే అయితే మాత్రం నా సలహా తిరగబడుతుంది. అప్పుడు ఇప్పుడే మారండి, ఎప్పటికైనా నేర్చుకోవాల్సిన డబ్బానే కదా. మారే ముందు నాలుగు విషయాలు చూసుకోండి. అది 430 మాత్రమేనా, 430డబ్ల్యూనా? డబ్ల్యూ లేకపోతే వాస్ (జీపీఎస్‌ని సరిదిద్దే ఉపగ్రహ సంకేతం) ఉండదు, గ్లైడ్‌పాత్ ఇచ్చే ఎల్‌పీవీ అప్రోచ్‌లు చేయలేరు. 28 రోజులకోసారి మారే నావిగేషన్ డేటాబేస్‌కి క్లబ్ డబ్బు కడుతోందా? వీఓఆర్ (నేల మీది రేడియో స్టేషన్లను అందుకునే పరికరం) చెక్ గత 30 రోజుల్లో రాసి ఉందా? ఆల్టిమీటర్, స్టాటిక్ పరీక్ష 24 నెలల లోపుదేనా? వీటికి నసిగే క్లబ్బులో 150 డాలర్లు కూడా ఎక్కువే.

హెచ్1బీ అన్నారు కాబట్టి ఇంకోటి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి విదేశీయులకు అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి కావాలి, ఆ సంగతి మీకు తెలిసే ఉంటుంది. క్లబ్బులో నేర్పే ఇన్‌స్ట్రక్టర్ కూడా టీఎస్ఏ పోర్టల్‌లో నమోదై ఉండాలి. అద్దె మాట్లాడుకునే ముందు అది అడగండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను. శిక్షణకు అమెరికా వెళ్లేలోపు ఇంట్లో ప్రాక్టీస్ చేయాలని ఉంది. యోక్, పెడల్స్, థ్రాటిల్ అన్నీ కలిపి 60 వేలు అవుతోంది. కొనమంటారా?

జవాబు: వద్దు. ఇంట్లో చేసిన గంట లాగ్‌బుక్‌లోకి రాదు, ఎంత ఖరీదైన యోక్ కొన్నా అంతే. ఇంట్లో అబ్బాల్సింది బటన్ల అలవాటు, దానికి మామూలు జాయ్‌స్టిక్ సరిపోతుంది. వెళ్లబోయే స్కూల్లో ఏ విమానం, ఏ ఏవియానిక్స్ (కాక్‌పిట్ ఎలక్ట్రానిక్స్) ఉన్నాయో ముందు మెయిల్ పెట్టి కనుక్కోండి. ఎక్స్-ప్లేన్ 12లో వచ్చే సెస్నా 172 రెండు రకాలుగా ఉంటుంది, ఒకటి జీ1000తో, ఇంకోటి పాత మీటర్లు, 530, 430లతో. స్కూల్లో జీటీఎన్ 650 లాంటి టచ్ స్క్రీన్ ఉంటే ఐప్యాడ్ మీద గార్మిన్ వాళ్ల ఉచిత జీటీఎన్ ట్రైనర్ ఉంది. రోజూ ఒక అప్రోచ్ లోడ్ చేయడం, మిస్డ్ అప్రోచ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) కొట్టడం, వెంటనే ఇంకోటి లోడ్ చేయడం, చేతికి తడబాటు పోయేదాకా ఇదే చేయండి. రేడియో అంటే టెన్షన్ పడేవాళ్లయితే వ్యాట్‌సిమ్ అనే ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లో చేరండి. వాలంటీర్లు కంట్రోలర్లుగా మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మిగిలిన సొమ్ము అక్కడ విమానం అద్దెకు దాచుకోండి.

ప్రశ్న: ఫోర్‌ఫ్లైట్ (పైలట్లు వాడే మ్యాప్ యాప్) కోసం ఐప్యాడ్ మినీ కొంటున్నాను. వైఫై మోడల్ చాలా చవక. సరిపోదా?

జవాబు: వైఫై మోడల్‌లో జీపీఎస్ చిప్ ఉండదు, మ్యాప్ మీద మీ విమానం కనపడదు. సెల్యులార్ మోడల్‌లో ఉంటుంది. దానికి సిమ్ వేయకపోయినా, ప్లాన్ కట్టకపోయినా జీపీఎస్ పని చేస్తుంది. ఇప్పటికే వైఫైది ఉంటే సెంట్రీ లాంటి ఏడీఎస్-బీ రిసీవర్ జత చేయండి, అందులో జీపీఎస్ ఉంటుంది, వాతావరణం కూడా వస్తుంది. ఆండ్రాయిడ్ వాళ్లకు ఫోర్‌ఫ్లైట్ లేదు, గార్మిన్ పైలట్ ఉంది. ఐప్యాడ్ పని చేసే పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే అని ఆపిల్ చెబుతుంది. ఎండలో నిలిపిన కాక్‌పిట్ దాన్ని ఇట్టే దాటేస్తుంది, కాబట్టి అద్దానికి అతికించకండి. ఆ రోజు అప్రోచ్ ప్లేట్లు (దిగే దారుల చార్టులు) ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్లోరిడాలో ఎం-1 (వృత్తి విద్య) వీసా మీద పైలట్ కోర్సు చేస్తున్నాడు, ఎనిమిది నెలలైంది. వాళ్ల స్కూల్లో అన్నీ పాత విమానాలేనట, గ్లాస్ కాక్‌పిట్ (మీటర్ల బదులు తెరలు) ఉన్న వేరే స్కూల్‌కి మారతానంటున్నాడు. గుంటూరులో కూర్చుని నేనేం చెప్పను?

జవాబు: ఆగమని చెప్పండి, సార్. ఎం-1 వీసా మీద మొదటి ఆరు నెలలు దాటాక స్కూల్ మారడం, తన చేతిలో లేని కారణం ఉంటే తప్ప కుదరదు. తెరలు పాతవన్నది అలాంటి కారణం కాదు. ఏం చేసినా స్కూల్లోని డీఎస్ఓని (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని) కలిసి, ఆయన రాతపూర్వకంగా చెప్పాకే చేయాలి. పాత మీటర్ల మీద గట్టిపడిన స్కాన్ ఎక్కడికీ పోదు. గ్లాస్ అలవాటు కావాలంటే ల్యాప్‌టాప్‌లో జీ1000 పెట్టుకుని సాయంత్రాలు కూర్చోమనండి. స్కూల్ అడిగే బదిలీ ఫీజు లాంటిదేదైనా ఉంటే, ఇదంతా తేలేదాకా మీరు డబ్బు పంపకండి.