అమెరికాలో యోసెమిటీ లాంటి జాతీయ పార్కుల్లో రద్దీ తగ్గాలంటే ప్రవేశానికి ముందస్తు బుకింగ్ ఒక్కటే మార్గమా?

కానే కాదు. కట్టడి చేయాల్సింది కార్లను. బుకింగ్ పెడితే బాగుపడేది నెలల ముందే సెలవు ఖాయం చేసుకుని, పొద్దున ఎనిమిదింటికి కంప్యూటర్ ముందు కాచుకుని కూర్చోగలిగినవాళ్లే.

మా నాన్నగారు ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు. కాలిఫోర్నియాలో మా ఇంటికి వచ్చినప్పుడు వేసవిలో ఒక శనివారం ఆయనను యోసెమిటీ తీసుకువెళ్లాను. లోయలోకి దిగాక కారు కదిలితే ఒట్టు. ముందెక్కడో ఎవరో మహానుభావుడు ఎలుగుబంటి కనిపించిందని నడిరోడ్డు మీద బండి ఆపి ఫొటోలు తీసుకుంటున్నాడట. తలెత్తితే ఎల్ కాపిటన్ కొండ. నాన్నగారు దాన్ని వదిలేసి, అద్దం దించి, ముందున్న కార్లలో తలలు లెక్కపెడుతున్నారు. “ఇరవై కార్లు, నలభై ఆరుగురు. ఒక్క బస్సు ఇస్తే అందరినీ ఒకే ట్రిప్పులో దించేసేవాణ్ణిరా” అన్నారు. అక్కడ ఉచిత బస్సు లేక కాదు. అదీ మా వెనకే ఇరుక్కుపోయి ఉంది.

యూటా రాష్ట్రంలోని జయాన్ పార్కు లోయనే చూడండి. ఒకప్పుడు ఆ లోయలో పార్కింగ్ స్థలాలు వందల్లో, వచ్చే కార్లు వేలల్లో. 2000 నుంచి సీజన్లో సొంత కార్లు ఆపి ఉచిత బస్సులు వేశారు. లోపలి లాడ్జిలో దిగినవాళ్లకే మినహాయింపు. అలాస్కాలోని డెనాలీ పార్కులో అయితే 1972 నుంచే 92 మైళ్ల రోడ్డులో మామూలుగా సొంత బండికి అనుమతి మొదటి 15 మైళ్ల వరకే. ఎవరి కొంపా మునగలేదు.

ముసలివాళ్లతో, పసిపిల్లలతో బస్సులో ఎలా అంటారు కొందరు. చంకలో పిల్లను, చేతిలో సంచిని పెట్టుకుని తిరుమల బస్సెక్కిన మనమే ఈ మాట అనడం నాకు విడ్డూరం. పైగా లాంగ్ వీకెండ్ వస్తే నాలుగు కుటుంబాలు, నాలుగు కార్లు! పులిహోర ఒక కారులో, ప్లేట్లు ఇంకో కారులో. ఆ కారు ఎక్కడుందో కనుక్కుందామంటే లోయలో ఫోను సిగ్నలు సరిగా ఉండదు.

నిజానికి యోసెమిటీ లోయ నుంచి సొంత కార్లను చివరికి పూర్తిగా తీసేయాలని 1980 నాటి ఆ పార్కు ప్రణాళికలోనే రాసుకున్నారు. అది జరిగేదాకా మీరు మాత్రం మర్సెడ్ ఊళ్లో యోసెమిటీకి వెళ్లే యార్ట్స్ బస్సెక్కండి. పార్కు ప్రవేశ రుసుము ఆ టికెట్టులోనే కలిసి ఉంటుంది.